తేటపడ్డ కుంట

మా చేన్ల దిగువన ఉన్న కుంట ఆ ఎండాకాలం చివర పచ్చబడినప్పుడు, దాని ఒడ్డున మూడు కుక్కలు చచ్చిపడి ఉండటం నా కళ్లతో చూశానని ఊరంతా చెప్పాను. నేను చూసింది ఒక్క కుక్కను. అది కూడా ముందే గజ్జి పట్టి, వెంట్రుకలు రాలి, ఇవాళో రేపో అన్నట్టున్న కుక్క. కానీ ఒక్క కుక్క అంటే ఎవరు వింటారు? మూడు అంటే హోటల్లో చాయ్ తాగేవాడు గ్లాసు కింద పెడతాడు. నా వయసులో మనిషికి మిగిలే సుఖాలు తక్కువ. ఎదుటివాడు గ్లాసు కింద పెట్టడం వాటిలో ఒకటి.

భయం మాత్రం నిజం. అందులో నేను కలిపింది ఏమీ లేదు.

ఆ ఏడు వానాకాలం రాకముందే రెండు పెద్ద వానలు పడ్డాయి. చేన్లలో పోసి పెట్టుకున్న పెంటకుప్పలు, నిరుడు చల్లి మిగిలిన ఎరువు, అంతా కడుక్కుపోయి కుంటలో పడింది. తర్వాత గాలి లేని ఎండ పట్టుకుంది. ఒక పొద్దున నేను ఆ దిక్కు పోయేసరికి, తలుపులకు వేసే ఆకుపచ్చ రంగు డబ్బాలు ఎవరో కుమ్మరించినట్టుంది నీళ్ల మీద. ఒడ్డుకు చేరిన చోట మీగడలా గట్టిపడి, అంచులు ఎండి నీలంగా మారాయి. తడి గడ్డి కుళ్లిన వాసన. అన్నీ చూసి ఇంటికి వచ్చాక, కాళ్లు కడుక్కుంటుంటే ఒక సంగతి తట్టింది. కుంట దగ్గర కప్ప చప్పుడు లేదు. ఒక్కటి కూడా అరవలేదు. అది తట్టిన తర్వాత ఆ దిక్కుకు ఒక్కడినే పోబుద్ధి కాలేదు.

అప్పుడు మనవరాలికి ఫోన్ చేశాను. నా కూతురి బిడ్డ. మా జిల్లా బీదర్‌లో డిగ్రీ చదివి, ఇప్పుడు తమిళనాడు సముద్రం ఒడ్డున పరిశోధన చేస్తోంది. ఊళ్లో నేను చెప్పుకున్నది, అది సముద్రానికి డాక్టరనీ, దాని మాట లేకుండా అక్కడ పడవ కదలదనీ. నిజం చెప్పాలంటే అది చూసేది నాచును. అక్కడి ఆడవాళ్లు వెదురు తెప్పలకు తాళ్లు కట్టి, ఆ తాళ్లకు సముద్రపు నాచు ముక్కలు ముడివేసి పెంచుతారు. మనం చెరకు ముక్క నాటినట్టే. ఒక్కో ఏడు ఆ నాచుకు రోగం వస్తుంది. కొమ్మలు తెల్లబడి, మెత్తబడి, చేత్తో తాకితే తెగిపోతాయి. తెప్ప మొత్తం పోతుంది. కంటికి కనపడని ఏ జీవి ఆ నాచును తింటోంది, దాన్ని ఎట్లా ఆపాలి అన్నది దాని చదువు.

"తాతా, ఒక సొప్ప బెండు తీసుకొని ముంచి చూడు," అంది. "వెంట్రుకల లెక్క లాగితే సాగుతదా, లేక రంగు లెక్క అంటుకుంటదా?"

జొన్న సొప్ప తీసుకుని, ఈసారి నా భార్యను తోడు తీసుకుని పోయాను. ముంచి తీస్తే సొప్ప పచ్చగా వచ్చింది, బ్రష్షును రంగులో ముంచినట్టు. అదే చెప్పాను. అంటిన తీరు నాతో మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.

సాగేదైతే భయం లేదు, ఇట్లా రంగులా అంటేది వేరే జాతి పాచి అంది. అన్నిసార్లూ విషం ఉండదు, కానీ ఉన్నప్పుడు పశువు కాలేయాన్ని పాడు చేస్తుంది. పరీక్ష చేస్తే గానీ తెలియదు. అప్పటిదాకా ఏ గొడ్డునూ అటు రానివ్వొద్దు, అందులో మందూ గిందూ ఏమీ వేయొద్దు, ఎడ్ల పండుగకు నేనే వస్తాను, సీసాల్లో పట్టుకుపోయి చూస్తాను అంది.

నాకో ఉపాయం తోచింది. సముద్రంలో నాచును తినే రోగం ఉంది కదా, ఒక సీసాలో పట్టుకొచ్చి మా కుంటలో వదిలితే ఈ పాచికి అంటుకుని చస్తుంది కదా?

అది నవ్వింది. తర్వాత, అడిగిన మాట తప్పు కాదని అంది. ఏ పాచికి ఆ పాచి రోగమే ఉంటుందట. నాచు రోగం కుంట పాచిని ముట్టదు. కానీ కుంట పాచికి కూడా రోగాలు ఉన్నాయి, ఒక్కొక్క కణాన్నీ పట్టుకుని మెల్లగా తినే బూజులాంటివి. ఒక చోట నాచును రోగం నుంచి కాపాడాలని, ఇంకో చోట రోగంతోనే పాచిని చంపించాలని చూస్తున్నవాళ్లు ఉన్నారు, ఇంకా ఎవరికీ పూర్తిగా చేతకాలేదు అంది. చేతకాలేదు అన్న ముక్క నేను ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

హోటల్లో చెప్పింది వేరు. ఆ పచ్చదనమే విషమన్నాను. ఆ పచ్చ రంగు ఒక్క చుక్క నాలుక మీద పడితే ఎద్దు నిలబడ్డ చోట కూలుతుందన్నాను. కుక్కల సంగతి అప్పుడే చెప్పాను. మందు వేయొద్దన్న మాట కూడా చెప్పలేదు. దాచాలని కాదు. ఆ మాట చప్పగా ఉంది. ఏమీ చేయొద్దు అనే మాటలో ఊదడానికి ఏముంటుంది?

హోటల్లో నాకు ఎదురుగా కూర్చునేవాడు నా బామ్మర్ది, నా భార్య తమ్ముడు. అల్లం పండిస్తాడు. నాకన్నా నాలుగు మాటలు ఎక్కువే చెప్తాడు. ఆ రోజు చాయ్ గ్లాసు కింద పెట్టకుండా తాగుతూనే విన్నాడు.

"మీ పోరి సముద్రానికి డాక్టరైతే, మన కుంటకు కాంపౌండర్ చాలడా బావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. అయినా భయం పని చేసింది. కుంట చుట్టూ తుమ్మకంప కొట్టి వేశారు. గొడ్లకు బోరు దగ్గరి తొట్టిలో నీళ్లు పెట్టారు. నేను గెలిచాననుకున్నాను.

ఇక పండుగ సంగతి. కారపున్నమి మా వైపు ఎడ్ల పండుగ. విత్తనాలకు ముందు వస్తుంది. ఆ రోజు పొద్దు పొడవకముందే ఎడ్లను కుంటకు తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములకు రంగు వేసి, మెడ గంటలు తోమి, వీపు మీద ఝూల్ కప్పి, పోళీలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తారు. సాయంత్రం ఊరి ముందు వేపాకు తోరణం కట్టి దాని కింద నుంచి ఎడ్లను ఉరికిస్తారు. కుంటలో అందరికన్నా ముందు ఎవరి జత దిగుతుందో, సాయంత్రం తోరణాన్ని తెంపే వరుసలో ఆ జతదే ముందు నిలబడే హక్కు. తొట్టి దగ్గర కడిగితే ఆ లెక్కలోకి రాదు. మునగాలి, కుంటలోనే మునగాలి. మా బామ్మర్దిది దేవణి జాతి ఎడ్ల జత, ఒకటి పూర్తిగా తెల్లది, ఒకటి నల్లమచ్చలది. తెల్లదానిని దూడగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచాడు, తల్లి పోతే. అవి కాక అతనికి వేరే ఎడ్లు లేవు. ట్రాక్టర్లు నడుస్తున్న ఈ కాలంలో ఆ జతను చూసుకుని మురిసేవాడు. ఆ జతే అతని సేద్యం.

పండుగ దగ్గర పడుతుంటే కుంట పచ్చగానే ఉంది. ఎడ్లను ఎక్కడ కడగాలని ఊళ్లో గుసగుస మొదలైంది. అప్పుడు బామ్మర్ది అల్లం మళ్లకు తెచ్చిపెట్టుకున్న మైలుతుత్తం తీసుకుపోయి, గుడ్డలో కట్టి, తాడుతో కుంట ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. చిన్న చేపలు కొన్ని తేలాయి. ఎండకు అనుకున్నారు. పచ్చ పాచి గోధుమరంగుకు తిరిగి, ముక్కలై, కిందికి పోయింది. పండుగ ముందటి రోజుకు నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి.

"నీ మనవరాలు ఇన్నేండ్లు చదివింది, నేను ఒక్క పూటల చేసిన," అని హోటల్లో చెప్పాడు. ఎవరికి నచ్చదు? నాకూ నచ్చింది, బయటికి మూతి ముడుచుకున్నా. తుమ్మకంప తీసేశారు.

మందు వేయొద్దని పిల్ల అన్న మాట అప్పుడు గుర్తుకు రాలేదా అని ఎవరైనా అడగవచ్చు. రాలేదంటే అబద్ధం. వచ్చింది. కుంట ఒడ్డున నిలబడి చూశాను. అడుగున గులకరాళ్లు కనపడుతున్నాయి. ఇంత తేటగా ఉన్న నీళ్లలో ఏముంటుంది అనుకుని ఇంటికి వచ్చి పడుకున్నాను. పచ్చదనమే విషమని చెప్పి చెప్పి, చివరకు ఆ మాట నమ్మినవాళ్లలో నేను కూడా ఉన్నాను.

పండుగ రోజు తొలి బస్సుకు మనవరాలు దిగింది. ఇంకా సరిగా తెల్లవారలేదు. భుజాన సంచి, చేతిలో సీసాలు పెట్టుకునే డబ్బా. నడుస్తూ నేనే గొప్పగా చెప్పాను, కుంట తేటపడిందని, మీ తాత తుత్తం లాగి పాచిని చంపాడని. బామ్మర్ది కూడా దానికి వరసకు తాతే.

అది నడక ఆపింది.

"ఎప్పుడేసిండ్రు తాతా?"

చెప్పాను.

"పాచి బతికున్నప్పుడు విషం దాని లోపల ఉంటది. ఒక్కసారి చంపితే పగిలి మొత్తం నీళ్లల్ల పడ్తది. కండ్లకు కనపడదు. పచ్చగున్నప్పుడు గొడ్లు వాసనకు దూరం జరుగుతయి. ఇప్పుడు తాగుతయి." సంచి నా చేతిలో పెట్టింది. "ఇయ్యాల ఎడ్లను యాడ కడుగుతుండ్రు?"

కుంట దాకా ఇద్దరం ఉరికాము అని రాయాలని ఉంది. ఉరికింది అది. నేను సంచి మోసుకుంటూ రెండుసార్లు గట్టు మీద కూర్చున్నాను. మోకాళ్ల వల్ల కాదు. అక్కడికి చేరితే ఏం చూడాల్సి వస్తుందో అని.

చేరేసరికి గట్టు మీద జతలు జతలుగా ఎడ్లు వరుసలో ఉన్నాయి. నీళ్లలో ఒక్క జతే ఉంది. బామ్మర్ది నడుము లోతులో నిలబడి తెల్లదాని వీపు గడ్డితో రుద్దుతున్నాడు. అది మూతి నీళ్లలో పెట్టి తాగుతోంది. ఎంత తాగింది, అప్పుడే దించిందా, చాలాసేపటి నుంచా, ఎవరికీ తెలియదు. గొంతు దగ్గర గుటకలు కదలడం నాకు కనపడింది. ఇప్పటికీ కళ్లు మూస్తే కనపడేది అదే.

మనవరాలు చెప్పుల్తో సహా నీళ్ల అంచుకు పోయి, బయటికి తోలమని బతిమాలింది. బామ్మర్ది నా వైపు చూసి నవ్వాడు. ఓర్వలేక పిల్లను పంపినవా బావా అన్నాడు. గట్టు మీదివాళ్లు కూడా నవ్వారు. వెనకాల ఒకాయన, ఈసారి ఎన్ని కుక్కలు సచ్చినయి పెద్దయ్యా అని అడిగాడు.

నాకు నోరు ఉంది. ఇంకేమీ లేకున్నా అది ఉంది. ఆ క్షణం ఏదైనా పెద్ద మాట అనాలి, వాళ్ల కాళ్లు వణికేంత మాట. వెతికాను. దొరకలేదు. దొరికిందల్లా ఇది:

"సస్తయో బతుకుతయో నాకు తెల్వది. పిల్లకు గూడ తెల్వది. నాకు భయమైతుంది. మీరు దిగకుండ్రి."

అంతే అన్నాను. నవ్వు ఆగింది. నాకు తెల్వది అనే మాట నా నోట వాళ్లు ఎన్నడూ విని ఉండరు. ముందున్నాయన తన జత ముక్కుతాడు వెనక్కి గుంజాడు. అతని వెనక ఇంకొకాయన. ఎడ్లు తిరగలేక గట్టు మీద ఒకదానికొకటి తగులుకున్నాయి, గంటలు ఒక్కసారిగా మోగాయి. బామ్మర్ది నీళ్లలో నిలబడి ఆ గంటలు విన్నాడు. అప్పుడు చేతిలోని గడ్డి వదిలేసి, జతను ఒడ్డుకు తోలాడు.

తర్వాతి పనులన్నీ మనవరాలు చెప్పినట్టు చేశాం. ఎడ్లు ఒళ్లు నాకుతాయి కాబట్టి బోరు నీళ్లతో మళ్లీ కడిగాం. ఎండ తగలకుండా కొట్టంలో కట్టేశాం. పశువుల డాక్టరు చింతకి ఊరి వైపు నుంచి బండి మీద వచ్చాడు. ఆయన కన్నడలో అడిగినదానికి మనవరాలు కన్నడలోనే జవాబు చెప్పింది. దీనికి విరుగుడు లేదని ఆయన, తెలుసని అది. బొగ్గుపొడి నీళ్లలో కలిపి గొట్టంతో పట్టాడు, సూదులు వేశాడు, చిగుళ్లు ఎత్తి చూశాడు. బతికితే వాటి బలం అన్నట్టు చెయ్యి తిప్పి పోయాడు.

మధ్యాహ్నం దాకా రెండూ బాగానే నిలబడ్డాయి. నా భార్య పోళీలు తెచ్చింది. నల్లమచ్చలది తిన్నది. తెల్లది వాసన చూసి మొహం తిప్పుకుంది. పోళీ కోసం ఏటా బామ్మర్ది జేబు చింపే ఎద్దు అది. ఆమె పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

పొద్దు వాలేసరికి దాని తొడల మీద చర్మం సన్నగా వణకడం మొదలైంది, ఈగ వాలినప్పుడు వణికినట్టు. ఈగలు లేవు. ఊరి ముందు నుంచి డప్పు వినిపించింది, తోరణం దగ్గర. ముందు నిలబడాల్సిన జత లేక, ఎవరు ముందు పోవాలో తేలక, కొంతసేపు కొట్టి ఆపేశారు. ఆ డప్పుకు తెల్లది చెవులు కదిలించింది. తర్వాత ముందుకాళ్లు మడిచి కూర్చుంది. ఎద్దు అలసి కూర్చోవడం వేరు. ఇది వేరు.

మనవరాలు దాని పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తోంది. నేనూ బామ్మర్దీ గడప మీద కూర్చున్నాం. తిడతాడని చూస్తున్నాను, తిడితే బాగుండనిపించింది.

"బావా," అన్నాడు. "ఏదన్న చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నువ్వు చెప్తవు గదా. మీ నాయిన ఎద్దు పాము కర్సినా లేసి సాలు దున్నిందని. గసోంటిది ఏదన్న చెప్పు. పెద్దగ చెప్పు."

నిజానికి మా నాయన ఎద్దును పాము కరవలేదు. తేలు కుట్టింది, అది కూడా కుట్టిందో లేదో. అయినా మొదలుపెట్టాను. మా నాయన ఎద్దు ఒకసారి అన్నాను. తర్వాతి మాట రాలేదు. తెల్లది మెడ చాపి గడ్డి మీద పెట్టింది, కళ్లు తెరిచే ఉన్నాయి, మా ఇద్దరినీ చూస్తున్నాయి. దాని ముందు అబద్ధం ఆడలేకపోయాను. బామ్మర్ది, పోనీ తియ్ అన్నాడు. లేచి పోయి దాని మెడ గంట విప్పాడు, బరువు లేకుండా.

తెల్లవారేసరికి అది పోయింది. నల్లమచ్చలది నిలబడే ఉంది.

అది కూడా మళ్లీ పాత ఎద్దు కాలేదు. కొన్ని రోజులకు తెల్లగా ఉన్న చోట్ల చర్మం ఎండకు కాలినట్టు లేచింది, మూతి పొక్కింది. లోపల కాలేయం దెబ్బతింటే పశువు ఎండకు ఓర్చుకోలేదని మనవరాలు ముందే చెప్పింది. విత్తనాలన్నీ బామ్మర్ది మా వాళ్ల ట్రాక్టరుతో వేయించుకున్నాడు. ట్రాక్టరు తిరుగుతుంటే చేను గట్టున నిలబడ్డాడు తప్ప లోపలికి రాలేదు.

మనవరాలు పోయేటప్పుడు కుంట నాలుగు మూలల నీళ్లు సీసాల్లో నింపుకుంది. తర్వాత ఫోన్ చేసింది. విషం ఉన్నట్టు తేలిందట. అడుగున మిగిలిన పాచి కణాల మీద ఒక బూజు కూడా కనపడిందట, చాలా కొంచెం. కుంట దానంతట అదే పాచిని తినే రోగాన్ని పెంచుకుంటోంది తాతా, మనం ఆగలేదు అంది. ఇప్పుడు నాచుతో పాటు దాన్ని కూడా చూస్తోంది. ఎప్పటికి పనికొస్తుందని అడిగాను. తెలియదంది. ఆ మాట ఈసారి నేను హోటల్లో చెప్పాను, ఉన్నదున్నట్టు.

మళ్లీ ఎండాకాలం చివరకు వచ్చాం. పెంటకుప్పల చుట్టూ కట్ట వేయమని పిల్ల చెప్పింది, కొందరు వేశారు, కొందరు వేయలేదు. మొన్న ఒక వాన పడింది. పొద్దున్నే నేనూ బామ్మర్దీ, ఇద్దరం ముసలాళ్లం, కుంట మీదికి పోయి సొప్ప ముంచి చూసి వస్తున్నాం. ఇప్పటికైతే ఏమీ అంటలేదు. నీళ్లు తేటగానే ఉన్నాయి. తేటగా ఉంటే నాకు నిమ్మళం లేదు, ఇంట్లో చెంబు నీళ్లు కూడా వెలుతురుకు పట్టి చూసి తాగుతున్నాను, చూస్తే కనపడేది ఏమీ లేదని తెలిసి కూడా.

నిన్న పక్క ఊరి మేకలాయన మంద తోలుకుంటూ కుంట వైపు దిగబోయాడు. నేను ఆపాను. ఇక్కడ పశువులు చచ్చాయంట గదా, ఎన్ని చచ్చాయి అని అడిగాడు.

"ఒకటి," అన్నాను.

ఆయన సరే, ఒకటేనా అన్నట్టు మంద వైపు చూసుకున్నాడు. బామ్మర్ది నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు.

"నాలుగు అనరాదు బావా. ఒకటంటే దింపుతడు."

దించినా దించుతాడు, నిజమే. నాలుగు అంటే ఆగిపోతాడు. నాలుక మీదికి వచ్చింది కూడా.

మేకలాయన దగ్గరికి పోయి కర్ర అడ్డం పెట్టాను. ఒకటే చచ్చిందని మళ్లీ చెప్పాను. తెల్లదని, పోళీ తినలేదని, తొడలు వణికాయని, గంట విప్పిన సంగతి, అంతా చెప్పాను. ఆయన విన్నాడు. బామ్మర్ది అటు తిరిగి నిలబడ్డాడు. మంద చాలాసేపు నీళ్ల వాసనకు ముందుకు తోసుకుంటూనే ఉంది. చివరకు ఆయన ఈల వేసి బోరు వైపు మళ్లించాడు. ఆఖరి మేక గట్టు దిగేదాకా నేను కర్ర దించలేదు.